అవార్డు దరఖాస్తు నింపాక

(చెన్నైలో తెలుగువారి సభలో ఒక గణిత ఉపాధ్యాయిని చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ఈ ఉక్కపోతలో జార్జిటౌన్ దాకా ఓపిగ్గా వచ్చిన మీ అందరికీ నమస్కారం.

ముందుగా ఒక సవరణ. నా వెనక కట్టిన ఫ్లెక్సీ మీద ‘జాతీయ అవార్డు గ్రహీత’ అని వేశారు. అభిమానం కొద్దీ వేశారు, కాదనను. కానీ ఆ జాతీయ ఉపాధ్యాయ అవార్డు ఇంకా రాలేదు. జిల్లా కమిటీ ఎంచి రాష్ట్రానికి పంపిన మూడు పేర్లలో నాదొకటి, అంతే. రాష్ట్ర కమిటీ దాటాలి, ఆ పైన జాతీయ జ్యూరీ ఉంది. కాబట్టి ఇవాళ్టి శాలువా అడ్వాన్సు కింద లెక్క. అవార్డు రాకపోతే తిరిగి ఇమ్మంటారేమో, మన కార్యదర్శి గారి పద్దులు మహా గట్టివి.

నామినేషన్ అంటే ఎవరో మన పని చూసి, మెచ్చి, పేరు చెప్పారని చాలామంది అనుకుంటున్నారు. ఇప్పటి పద్ధతి అది కాదండీ. 1958లో మొదలైన ఈ అవార్డులకు చాలా ఏళ్లపాటు రాష్ట్ర ప్రభుత్వాలే పేర్లు పంపేవి. 2018లో ఆ నిబంధనలు మార్చేశారు. టీచరే ఆన్‌లైన్లో తన పేరు తాను ఇచ్చుకోవాలి. అంతకుముందు మూడొందలకు పైగా ఉండే అవార్డులు ఆ ఏడు 45కు తగ్గాయి. అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారి చేతుల మీదుగా ఇచ్చారు. ‘నీ గొప్ప నువ్వే రాసుకున్నావుటే?’ అని మా అమ్మ ముక్కు మీద వేలేసుకుంది. నాకూ మొదట మొహమాటంగానే ఉండేది. కానీ నన్నడిగితే పాతదాని కంటే ఇదే నయం. పైవాళ్ల సిఫారసు మీద పేరు కదిలే రోజుల్లో ఎవరి గుమ్మం దగ్గర ఎంతసేపు నిలబడాల్సి వచ్చేదో ఇక్కడున్న రిటైర్డ్ మాస్టార్లకు నేను చెప్పాలా? నవ్వుతున్నారు చూడండి.

ఇంకో నిబంధన కూడా నాకు నచ్చింది. ట్యూషన్లు చెప్పేవాళ్లు ఈ అవార్డుకు పనికిరారు. బాగుంది. పగలు బళ్లో దాచుకున్న పాఠాన్ని సాయంత్రం ఇంట్లో అమ్ముకునేవాళ్లని నేనూ చూశాను.

ఇక దరఖాస్తు సంగతి. బడికి సరిగ్గా వెళ్తున్నారా, శిక్షణలకు హాజరయ్యారా, కేంద్రం నడిపే ఆన్‌లైన్ పాఠాల ‘స్వయం’ పోర్టల్లో ఏదైనా కోర్సు చేశారా, పిల్లల చేరికలు పెంచారా, బడి మానేసేవాళ్లని తగ్గించారా, కొత్తగా ఏ పద్ధతిలో చెప్పారు? అన్నిటికీ గడులున్నాయి, గడికింత అని మార్కులున్నాయి. వాటికి తోడు ఫొటోలు, వీడియోలు, రిపోర్టులు జోడించాలి.

కొత్త పద్ధతి అన్న గడి దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకో చెబుతాను, కాస్త లెక్కల్లోకి దిగాలి, ఓర్చుకోండి.

ఆరో తరగతిలో దశాంశాలు చెబుతూ బోర్డు మీద 0.35, 0.5 రాసి ఏది పెద్దదని అడిగాను. సగం మందికి పైగా 0.35 అన్నారు. ఒక పాప లేచి, “ముప్పత్తంజు పెద్దది కదా టీచర్, ఇది ఒట్టి అంజే!” అంది. మాది తెలుగు మీడియమే గానీ మా పిల్లలు అంకెలు తమిళంలోనే లెక్కపెట్టుకుంటారు. ముప్పత్తంజు అంటే ముప్పై ఐదు, అంజు అంటే ఐదు. ఆ పాప తెలివితక్కువగా ఏమీ అనలేదు. అంకెలు ఎక్కువుంటే సంఖ్య పెద్దదని ఒకటో తరగతి నుంచి మనమే నూరిపోశాం. దాన్నే నమ్మకంగా చుక్క తర్వాత కూడా వాడింది. ‘చివర సున్నా చేర్చి పోల్చుకో’ అని చెప్పేస్తే పరీక్షలో రాసేస్తుంది, నెల తిరక్కుండానే మళ్లీ అదే తప్పు చేస్తుంది.

వాళ్లమ్మ కాశిమేడు చేపల రేవు నుంచి రొయ్యలు తెచ్చి వీధిలో అమ్ముతుంది. “మీ అమ్మ కాటా మీద అరకిలో పెడితే ఏం పడుతుంది?” అని అడిగాను. “సున్నా పాయింట్ ఐదు సున్నా సున్నా,” టక్కున చెప్పింది. మూడొందల యాభై గ్రాములు పెడితే? “సున్నా పాయింట్ మూడు ఐదు...” అంటూనే బోర్డు వైపు చూసింది. నోట మాట లేదు. చేత్తో గాల్లో ఏదో తూచుకుంటోంది. ఎలక్ట్రానిక్ కాటా చుక్క తర్వాత ఎప్పుడూ మూడు అంకెలు చూపిస్తుంది, మన పుస్తకమేమో చివరి సున్నాలు మింగేస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. కాసేపటికి, “అరకిలో కంటే తక్కువే కదా అది,” అని తనలో తానే అనుకుని కూర్చుంది. మర్నాడు 0.4 పెద్దదా, 0.400 పెద్దదా అని పక్కపిల్లని అడుగుతోంది, బోల్తా కొట్టించడానికి!

ఇప్పుడు చెప్పండి, దీన్ని ఆ గడిలో ఏమని రాయను? కాటా వాళ్లమ్మది. నేను చేసిందల్లా ఒక ప్రశ్న అడిగి నోరు మూసుకుని నిలబడడం. ఆ పిల్ల మాట్లాడకుండా ఉన్న కాసేపట్లోనే పాఠమంతా జరిగింది. వీడియో తీస్తే అందులో ఏముంటుంది? ఒక పిల్ల ఊరికే నిలబడి ఉంటుంది, టీచరు కూడా ఊరికే నిలబడి ఉంటుంది.

వీడియో తీయకపోలేదు. మా అబ్బాయి ఫోన్ పట్టుకుని వచ్చాడు. ఆవేళ పిల్లలందరూ తలకి నూనె రాసుకుని, పౌడరు వేసుకుని వచ్చారు. ఏది అడిగినా అందరి చేతులూ లేచాయి, జవాబు తెలియనివాళ్లవి ఇంకాస్త ఎత్తుగా లేచాయి. చూడ్డానికి బ్రహ్మాండంగా వచ్చింది. పంపాను కూడా.

చేరికల గడి ఇంకో కథ. తమిళనాడు 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. అది ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక మెట్టు ఎక్కుతూ 2015-16కి పదో తరగతికి చేరింది. భాషా మైనారిటీ పిల్లలకు పదో తరగతి తమిళం పేపరు నుంచి మినహాయింపు కావాలని కోర్టుల చుట్టూ తిరగడం మీలో చాలామందికి అనుభవమే. పిల్లలు తమిళం నేర్చుకోవడం మీద నాకే ఫిర్యాదూ లేదు. ఈ ఊళ్లో బతకాల్సినవాళ్లు, రావలసిందే. కానీ ఆ గందరగోళంలో ఎంతోమంది తల్లిదండ్రులు తెలుగు మీడియం వదిలి ఇంగ్లీషు మీడియానికి వెళ్లిపోయారు. మా బెంచీలు ఖాళీ అవుతున్నాయి. ‘చేరికలు పెంచారా?’ అంటే తగ్గాయనే రాశాను.

మానేసేవాళ్లు మాత్రం బాగా తగ్గారు. అదెవరి పుణ్యమంటే మా సైన్స్ టీచరమ్మది. పేరు చెబితే కోప్పడుతుంది, వెనక వరసలోనే కూర్చుంది. మా పిల్లల్లో చాలామంది కార్పొరేషన్లో పారిశుద్ధ్య పని చేసే తెలుగువాళ్ల బిడ్డలు, కొందరు కట్టుబడి పనికి వలస వచ్చినవాళ్ల బిడ్డలు. తమిళుల ఆడి మాసంలో అమ్మవారి గుళ్లల్లో కూళు, అంటే అంబలి, పోస్తున్నారంటే సగం క్లాసు ఉండదు. వాళ్లు రేపు వస్తారు. అదే మాసంలో ఏ పిల్లాడు గుడికని చెప్పి బిర్యానీ కొట్లో గిన్నెలు కడగడానికి కుదురుకున్నాడో ఆవిడకి తెలుస్తుంది. కొట్టు దగ్గరికే వెళ్లి, ఓనరుతో తగువాడి, చెయ్యి పట్టుకుని తీసుకొస్తుంది.

ఆవిడ ఈ అవార్డుకు దరఖాస్తు పెట్టుకోలేదు. రెగ్యులర్ టీచర్లకే అర్హత, కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లకు లేదు. మా బళ్లో ఖాళీ అయిన పోస్టు నిండక, తల్లిదండ్రుల సంఘం ఇచ్చే కొద్దిపాటి జీతం మీద ఆవిడ ఏళ్లుగా చెబుతోంది. నా దరఖాస్తులో బడి మానేసేవాళ్ల గడి దగ్గర, ‘ఇది నా సహోద్యోగిని చేసిన పని’ అని రాశాను. మార్కులు పోతాయని హెచ్చెమ్ గారు హెచ్చరించారు. పోయాయో లేదో నాకు తెలియదు.

మీరు పొరబడకండి, నాకు ఈ అవార్డు కావాలి. వద్దనేంత వైరాగ్యం లేదు. ఇక్కడికి ఎంతో దూరం లేని తిరుత్తణిలో, 1888లో తెలుగింట పుట్టి, ఇదే ఊళ్లో ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు చెప్పిన రాధాకృష్ణన్ గారి పుట్టినరోజున ఇచ్చే అవార్డు అది. మైసూరులో శిష్యులు ఆయన బండి లాగిన కథ ఏటా మీకు ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు, నేను వదిలేస్తున్నాను. వస్తే ఢిల్లీ వెళ్తాను, ఆ వంకన ఒక కంచిపట్టు చీర కూడా కొంటాను. యాభై వేల రూపాయలు, వెండి పతకం ఇస్తారు. మా ఆయన ఇప్పటికే ఫ్రిజ్‌ల ధరలు చూస్తున్నారు.

ఇక మిమ్మల్ని అడగాల్సింది ఒకటుంది. వేసవి సెలవుల్లో బడి ఉండదు కాబట్టి మా టీచరమ్మకు మే నెల జీతం రాదు. ఇంటద్దె మాత్రం మేలోనూ కట్టాలి. నాకు అవార్డు వస్తే పెద్ద హాల్లో సన్మానం చేస్తామని సభ్యులు కొందరు అప్పుడే మాట్లాడుకుంటున్నారు. హాలు అద్దె, దండలు, భోజనాలు కలిపితే ఎంతవుతుందో, ఆవిడ ఒక నెల జీతమెంతో పక్కపక్కన రాసి కార్యదర్శి గారికి ఇచ్చాను. నాకు ఈ శాలువా చాలు. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఆ కాగితాన్ని తీసి చర్చకు పెట్టండి. లెక్కలో ఎక్కడైనా అనుమానం ఉంటే నాకు ఫోన్ చేయండి, సాయంత్రం ఆరు తర్వాత ఖాళీగానే ఉంటాను, ట్యూషన్లు లేవుగా.