తుంచిన కొన్నాళ్లకు వంచండి

శ్రోతలకు నమస్కారం. గోంగూర మడి దగ్గర మన అమ్మమ్మలు ఏం చేస్తారో గుర్తుందా? మొక్కను పీకరు, కొసలు గిల్లుకుంటారు. కొన్నాళ్లకే ఆ గిల్లిన చోటు కింద పక్క కొమ్మలు లేస్తాయి. విజయవాడలో మా మిద్దె తోటలో వంగకు నేను చేసేదీ అదే. దానికి తోడు కొమ్మలు వంచి కడతాను.

మొక్క తల చిగురులో ఆక్సిన్ అనే హార్మోను తయారై కిందికి దిగుతుంది. అది దిగుతున్నన్నాళ్లూ పక్క మొగ్గలు నిద్ర లేవవు. 1933లో థైమన్, స్కూగ్ అనే శాస్త్రవేత్తలు చిక్కుడు జాతి మొక్క తల తీసేసి, ఆ కోత మీద ఆక్సిన్ పెట్టి చూశారు. తల లేకపోయినా పక్క మొగ్గలు కదల్లేదు!

వంగ నారు ఆరేడు ఆకులు వేశాక, నాలుగో కణుపు పైన శుభ్రమైన కత్తెరతో తల తీసేయండి. ఆ రోజే వంచకండి. గాయం ఆరాలి, పక్క కొమ్మలు జానెడు సాగాలి. రెండు పనులూ ఒకేసారి చేస్తే మొక్క బెంగటిల్లి, ఎదుగుదల ఆగిపోతుంది. ఎండలు మండే మే నెలలో అసలు ముట్టుకోవద్దు.

వంచేది మాత్రం సాయంత్రం, నీళ్లు పోయకముందు. ఈ మాట నేను నష్టపోయి నేర్చుకున్నాను. ఒకసారి పొద్దున్నే కుండీ నిండా నీళ్లు పోసి, వెంటనే కొమ్మ వంచాను. నీరు పట్టి బిగిసి ఉందేమో, పుటుక్కున విరిగింది. పూత మీదున్న కొమ్మ. ఆ రోజంతా మనసు మనసులో లేదు. కాస్త వాడినప్పుడైతే కొమ్మ చెప్పినట్టు వింటుంది. కుండీ అంచుకు రంధ్రాలు పెట్టి, పూలు కట్టే అరటినారతో వదులుగా కట్టండి. బిగిస్తే కొమ్మ లావెక్కేకొద్దీ నార కోసేస్తుంది. ఒక్కరోజులో నేలకు దించాలని చూడకుండా, రెండు మూడు రోజులకోసారి కొంచెం కొంచెం లాగండి. కొమ్మ చిట్లితే కంగారు వద్దు. గుడ్డపీలికతో చుట్టి వదిలేయండి, చాలాసార్లు అతుక్కుంటుంది.

కొమ్మలు పడుకున్నాక నడిమికి ఎండ చేరుతుంది, ప్రతి కణుపూ పైకి చూస్తుంది. కాయలు కొసల్లోనే కాక కొమ్మ పొడవునా కనిపిస్తాయి. చామంతికి, బంతికి తల తుంచితే చాలు, వంచనక్కర్లేదు. మొక్కజొన్న, కాలీఫ్లవర్ తలలు మాత్రం తుంచకండి. కాలీఫ్లవర్ పువ్వు వచ్చేదే ఆ తలలోంచి.