అద్దె ఫ్లాట్ బాగుచేయించడం: పక్కవాళ్లు తలుపు తట్టకుండా

[తెర మీద: హైదరాబాద్‌లో పాత అపార్ట్‌మెంట్, ఖాళీ డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్]

పాత ఫ్లాట్ కొని, బాగుచేసి అద్దెకిద్దామనుకుంటే డబ్బు లెక్కకన్నా ముందు చప్పుడు లెక్క చూసుకోండి. ఒక్క ఫిర్యాదు చాలు, అసోసియేషన్ పని ఆపించేస్తుంది. పని ఆగినా బ్యాంకు వాయిదా ఆగదు కదా!

బ్రేకర్ (నేల, గోడలు పగలగొట్టే మెషిను) మోత గాల్లోకన్నా స్లాబులోంచి, పిల్లర్లలోంచి ఎక్కువ పాకుతుంది. కిటికీలు మూసినా కింది ఫ్లాటుకు వినిపించేది అందుకే. కాబట్టి అసలు పగలగొట్టడమే తగ్గించాలి.

[తెర మీద: నాణెంతో టైల్ మీద కొడుతున్న చెయ్యి]

ముందు ప్రతి టైల్ మీదా నాణెంతో కొట్టి చూడండి. గట్టిగా మోగితే ఉంచండి, డొల్లగా మోగితే దాన్నొక్కదాన్నే తీయించి, గుంట పూడ్పించండి. గదిలో సగం డొల్లగా ఉంటే మాత్రం ఆశ వదులుకుని పగలగొట్టాల్సిందే. మిగతా చోట జిడ్డు వదిలేలా కడిగించి, టైల్ మీద టైల్‌కు పనికొస్తుందని సంచి మీద రాసున్న అడెసివ్‌తోనే (టైల్స్ అతికించే జిగురు) కొత్తవి వేయించండి. 3 మి.మీ. మందంతో పరిస్తే 20 కిలోల సంచి 45 నుంచి 50 చదరపు అడుగులకు వస్తుంది. నేల 12 మి.మీ. దాకా లేస్తుంది కాబట్టి తలుపుల అడుగున కోత తప్పదు. బాల్కనీ గుమ్మం ఎత్తు కూడా ముందే కొలవండి. లేదంటే వాన నీళ్లు హాల్లోకొస్తాయి.

దీనితో మిగిలేదేంటో చూడండి. 100 చదరపు అడుగుల టైల్స్, కింద 4 సెం.మీ. సిమెంటు మాలు పగలగొడితే దాదాపు 900 కిలోల మట్టి. 25 కిలోల చొప్పున 36 సంచులు, అన్నీ లిఫ్టులోనే దిగాలి!

[తెర మీద: బాత్రూమ్]

బాత్రూమ్‌లో మాత్రం పగలగొట్టక తప్పదు, గొడవలు మొదలయ్యేదీ ఇక్కడే. ముందు కింది ఫ్లాటువాళ్ల దగ్గరికెళ్లి, వాళ్ల ఎదురుగానే వాళ్ల బాత్రూమ్ సీలింగ్ ఫొటోలు తీసుకోండి. పాత చెమ్మ మరక రేపు మీ నెత్తిన పడకుండా ఉంటుంది. చెప్పకుండా చేసేద్దామనుకునేవాళ్లే చివరికి ఎక్కువ మాటలు పడతారు.

తర్వాత వాల్వు. పాత ఇళ్లలో ఫ్లాటుకు నీళ్లు ఆపే గేట్ వాల్వు పూర్తిగా మూసుకోదు, ప్లంబర్ వచ్చాక మిగతా ఇళ్లకూ వెళ్లే ఆ లైను మొత్తం ఆపుతాడు. పై ఇంట్లో తలకు సబ్బు రాసుకున్నవాళ్ల సంగతి ఊహించుకోండి. పనికి ముందురోజే వాల్వు తిప్పి చూసి, మార్చాల్సుంటే మధ్యాహ్నం వాచ్‌మన్ ద్వారా అందరికీ చెప్పించి మార్చండి.

నహానీ ట్రాప్‌లో (బాత్రూమ్ నేల మీది నీళ్లు పోయే గుంట) గోనెగుడ్డ కుక్కి, పైన పలక పెట్టి టేపు వేయందే సుత్తి ముట్టుకోనివ్వకండి. ఒక్క మాలు పెళ్ల జారినా కింది ఇళ్లన్నిటి పైపు జామ్ అవుతుంది. వాటర్‌ప్రూఫింగ్ రెండు కోటింగులు, గోడ మీదికి అడుగు ఎత్తు దాకా. ఆరాక 48 గంటలు నీళ్లు నిలబెట్టి, కింది సీలింగ్ చూసొచ్చాకే టైల్స్. వాలు అయిదడుగులకు 2 సెం.మీ. ఉండాలి.

కరెంటు పనికి గోడలు చీల్చక్కర్లేదు. పాత పైపుల్లోంచే తీగలు మార్చొచ్చు: లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీకి, గీజర్‌కు 4 చదరపు మి.మీ. అల్మరాలు బయట వర్క్‌షాపులో కోయించి, ఇక్కడ బిగింపు మాత్రమే పెట్టుకోండి. లప్పం రుద్దేటప్పుడు గుమ్మానికి పాలిథీన్ పట్టా, బయట తడి గోనెసంచి.

[తెర మీద: గడియారం]

చట్టం ప్రకారం నివాస ప్రాంతాల్లో శబ్ద పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబుల్స్. రాత్రంటే 10 నుంచి ఉదయం 6 దాకా. కానీ చట్టం లెక్కలో పగలైనంత మాత్రాన పొద్దున్నే 7 గంటలకు బ్రేకర్ పెడితే ఎవరూ ఊరుకోరు. మోత పని 10 నుంచి 1, మళ్లీ 3 నుంచి 5. మధ్యలో పసిపిల్లల నిద్ర, ముసలివాళ్ల కునుకు. ఆదివారం రంగులే.

లిఫ్టు గోడలకు ప్లైవుడ్ ఆనించండి. ఆరుగురి లిఫ్టు మోసేది 408 కిలోలు, అంటే మనిషితో పాటు పది సంచులు, అంతకుమించి ఎక్కించకండి. సంచులు ఏ పూటవి ఆ పూటే ఆటో ఎక్కాలి. గేటు దగ్గర రాత్రంతా పెడితే పొద్దున్నకి ఊరి చెత్తంతా వాటిమీదే ఉంటుంది. ఆటోవాడు చెరువు గట్టున పోయకుండా జీడిమెట్లలోనో ఫతుల్లాగూడలోనో ఉన్న శిథిలాల రీసైక్లింగ్ ప్లాంటుకే పంపించండి. కుళాయిలు, గీజర్లు, ఫ్యాన్లు అద్దెకిచ్చే వారంలో బిగించండి. ఖాళీ ఫ్లాటులో ముందు మాయమయ్యేవి అవే.