తొలి సెకను నుంచి వచ్చే తరంగాలు

అందరికీ నమస్కారం.

విశ్వం పుట్టుక గురించి ఎవరు మాట్లాడినా తెర మీద ఒక బొమ్మ వేస్తారు. అండాకారంలో, నీలం, నారింజ రంగు మచ్చలతో ఉంటుంది. ప్లాంక్ ఉపగ్రహం తయారుచేసి ఇచ్చిన మైక్రోవేవ్ ఆకాశపటం అది. విశ్వం పసితనపు ఫోటో అని చెబుతుంటారు గానీ, ఆ కాంతి బయల్దేరేనాటికే విశ్వం వయసు 3,80,000 సంవత్సరాలు. ప్రోటాన్లు, న్యూట్రాన్లు తయారవడం, అవి కలిసి హీలియం కేంద్రకాలు కావడం, అన్నీ అప్పటికే ముగిసిపోయాయి. మనకు తెలియాల్సిన గొడవంతా అంతకు ముందుదే.

అంతకంటే వెనక్కి కాంతితో చూడలేం. ఎంత పెద్ద టెలిస్కోపు కట్టినా లాభం లేదు. అప్పట్లో విశ్వమంతా వేడి ప్లాస్మా. ఎలక్ట్రాన్లు విడిగా తిరుగుతుండేవి. ఏ ఫోటాన్ బయల్దేరినా కాస్త దూరం పోయేలోపే ఎలక్ట్రాన్‌కు తగిలి దారి మళ్లేది. ఉష్ణోగ్రత సుమారు 3,000 డిగ్రీలకు దిగి, ఎలక్ట్రాన్లు కేంద్రకాలతో కలిసి పరమాణువులుగా మారాకే కాంతికి దారి దొరికింది. న్యూట్రినోలు కొంత నయం, ఒక సెకను వయసుకే బయటపడ్డాయి. కానీ వాటి శక్తి ఇప్పుడు ఎంత సన్నగిల్లిందంటే, నేరుగా పట్టుకున్నవాళ్లు ఇంతవరకు ఎవరూ లేరు.

ఇక మిగిలింది గురుత్వ తరంగాలు, అంటే స్థలకాలంలోనే రేగే అలలు. పదార్థాన్ని ఇవి దాదాపు పట్టించుకోవు. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో పరికరం పట్టుకున్న మొదటి తరంగమే తీసుకోండి. రెండు కృష్ణబిలాలు కలిసిపోయినప్పుడు సూర్యుడికి మూడు రెట్ల ద్రవ్యరాశి మొత్తం తరంగాల శక్తిగా మారింది. అది సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరాలు దాటి వచ్చి, లైగో నాలుగు కిలోమీటర్ల గొట్టం పొడవును ఎంత మార్చింది? ప్రోటాన్ వ్యాసంలో వందో వంతు కూడా లేదు. పట్టుకోవడానికి ఇంత కష్టమెందుకో, దారిలో వీటిని ఏదీ ఆపలేకపోవడానికీ కారణం అదే. తొలి సెకనులో పుట్టిన తరంగం ఇప్పటికీ ఎక్కడా చెదరకుండా ప్రయాణిస్తూనే ఉంటుంది, విశ్వంతో పాటు సాగిపోతూ.

ఇవాళ నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఈ సాగడం గురించే. అలాంటి తరంగం పౌనఃపున్యం, అంటే సెకనుకు ఎన్ని అలలో తెలిస్తే అది ఎప్పుడు పుట్టిందో అంచనా కట్టొచ్చు. ఒక వయసులో విశ్వంలో కాంతి ఎంత దూరం పోగలదో, ఏ సంఘటన ప్రభావమైనా అంతవరకే. ఆ సంఘటనలో పుట్టిన తరంగదైర్ఘ్యం కూడా ఆ హద్దు దాటదు. ఉదాహరణకు సెకనులో పది వేల కోట్లో వంతు వయసు. అప్పుడు ఆ హద్దు కొన్ని మిల్లీమీటర్లే. అప్పటి నుంచి ఇప్పటికి విశ్వం సాగింది 1 పక్కన 15 సున్నాల రెట్లు. ఆ మిల్లీమీటర్ల తరంగం ఇవాళ మన దగ్గరికి వచ్చేసరికి ఒక్కో అల దాటడానికి గంటలు పడుతుంది. పుట్టినప్పుడే హద్దు కంటే చిన్నదైతే నిమిషాలు. సెకనులో లక్షో వంతు వయసులో, అంటే క్వార్కులు కలిసి ప్రోటాన్లు అవుతున్న కాలంలో పుట్టినదైతే నెలలు, సంవత్సరాలు. లైగో వినే సెకనుకు వంద అలల స్థాయి ఇంకెంతో ముందటి కాలానిది. అందుకే ఒక్క పరికరంతో పని జరగదు. ఏ వయసు కావాలంటే ఆ వయసుకు వేరే యంత్రం.

ఇన్‌ఫ్లేషన్ ఒక్కటే ఈ లెక్కకు లొంగదు. క్షణంలో విశ్వం విపరీతంగా ఉబ్బిపోయిందని చెప్పే ఆ దశ అన్ని పౌనఃపున్యాల్లోనూ తరంగాలు వదిలి ఉండాలి. 1979లోనే రష్యా భౌతికశాస్త్రవేత్త స్టారోబిన్‌స్కీ ఆ లెక్క వేశారు. వాటిలో అతి పొడవైనవి, మొదట చెప్పిన మైక్రోవేవ్ కాంతి ధ్రువణంలో, అంటే కాంతి అలలు ఊగే దిశల్లో, సుడులు తిరిగినట్టుండే ఒక అమరికను వదిలిపెడతాయి. దాన్ని బి-మోడ్ అంటారు. 2014 మార్చి 17న, దక్షిణ ధ్రువంలోని బైసెప్2 టెలిస్కోపు బృందం అది దొరికిందని ప్రకటించింది. పేపర్లన్నీ మోతెక్కిపోయాయి. ఏడాది తిరగకుండానే, ప్లాంక్ డేటాతో కలిపి చూస్తే ఆ సంకేతానికి మన పాలపుంతలోని ధూళి సరిపోతుందని తేలింది. దీన్ని పెద్ద పరాభవంగా చెబుతుంటారు, నాకది అన్యాయం అనిపిస్తుంది. వాళ్ల కొలత తప్పు కాదు, ఆ సుడులు నిజంగానే ఉన్నాయి. ఒకే పౌనఃపున్యంలో చూసి ధూళిని తక్కువగా అంచనా వేయడమే దెబ్బ తీసింది. ధూళి ఎక్కువ పౌనఃపున్యాల్లో ఇంకా ప్రకాశిస్తుంది కాబట్టి, రెండుమూడు రంగుల్లో చూస్తేనే దాన్ని విడదీయగలం. ఆ పని చేస్తూ అదే బృందం 2021లో హద్దును ఇంకా బిగించింది. ఆదిమ తరంగాల బలాన్ని చెప్పే నిష్పత్తి 0.036 కంటే తక్కువేనట. 2014లో చెప్పింది 0.2. ఈ ఒక్క హద్దుతోనే ఇన్‌ఫ్లేషన్ సిద్ధాంతాల్లో సులువైనవి చాలా మూలపడ్డాయి.

సంవత్సరాల పొడవున్న అలలకు యంత్రం కట్టలేం, అందుకని పల్సర్లనే, అంటే గిర్రున తిరుగుతూ క్రమం తప్పకుండా రేడియో సంకేతాలు పంపే మృత నక్షత్రాలనే, గడియారాలుగా వాడుకుంటాం. 2023 జూన్‌లో ఉత్తర అమెరికా బృందం నానోగ్రావ్‌తో పాటు యూరప్, ఆస్ట్రేలియా, చైనా బృందాలు, యూరప్ వాళ్లతో కలిసి మన జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు డేటాతో పనిచేసిన భారతీయ బృందం, గురుత్వ తరంగాల నిరంతర రొద ఒకటి ఉందని ఆధారాలు చూపించాయి. అది తరంగాల రొదే అయితే, పల్సర్ల జంటల మధ్య కోణాన్ని బట్టి వాటి సంకేతాలు మనకు అందడంలోని ముందువెనుకలు ఒక ప్రత్యేక పద్ధతిలో మారాలి. 1983లో హెలింగ్స్, డౌన్స్ గీసిన వక్రరేఖ అది. క్వార్కుల కాలం నాటి చప్పుడే ఇదని పత్రాలు వెల్లువెత్తాయి. నేను మాత్రం తొందరపడను. గెలాక్సీల కేంద్రాల్లో ఉండే మహా కృష్ణబిలాల జంటలు ఈ రొదను మామూలుగానే చేయగలవు.

నాకు ఎక్కువ ఆశ ఉన్నది నిమిషాలు, గంటల అలల మీద. కేంద్రకాల్లో పనిచేసే బలహీన బలం, విద్యుదయస్కాంత బలం విడిపోయిన కాలానివి అవి. ఆ మార్పు కాగుతున్న నీళ్లలోలా బుడగలతో జరిగి ఉంటే, ఆ బుడగలు ఢీకొని తరంగాలు పుట్టి ఉంటాయి. మనకిప్పుడు తెలిసిన భౌతికశాస్త్రం, 2012లో దొరికిన హిగ్స్ కణం బరువుతో లెక్కేస్తే, అది బుడగలు లేకుండా నింపాదిగా జరిగిందనే చెబుతుంది. కాబట్టి ఆ తరంగాలు వినబడితే మనకు తెలియని కణాలో బలాలో ఉన్నాయన్నమాట. వాటిని వినడానికే లీసా అనే అంతరిక్ష ప్రాజెక్టు. ఒకదానికొకటి 25 లక్షల కిలోమీటర్ల దూరంలో మూడు నౌకలు భూమి వెనకాలే సూర్యుడి చుట్టూ తిరుగుతాయి. యూరప్ అంతరిక్ష సంస్థ 2024 జనవరిలో పచ్చజెండా ఊపింది, ప్రయోగం 2035లో.

ఇక్కడా ధూళి లాంటి తంటా ఉంది. మన గెలాక్సీలోనే తెల్లమరుగుజ్జు నక్షత్రాల (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రాల) జంటలు లెక్కలేనన్ని అదే పౌనఃపున్యంలో గోల చేస్తుంటాయి. అయితే లీసా త్రిభుజం ఏడాదిలో దిశ మార్చుకుంటూ పోతుంది. గెలాక్సీ మధ్యభాగం వైపు తిరిగినప్పుడు ఆ గోల పెరిగి, పక్కకు తిరిగినప్పుడు తగ్గుతుంది. విశ్వమంతా నిండిన ఆదిమ తరంగాలు మాత్రం ఎటు తిరిగినా ఒకే స్థాయిలో ఉండాలి. ఏడాది పొడవునా మారకుండా మిగిలే భాగం ఎంతో కొలవడం, దాని మీదే ఇప్పుడు చాలా బృందాలు కూర్చుని ఉన్నాయి.

ప్రశ్నలుంటే అడగండి.