క్రెసెంట్ హోటల్ దెయ్యాలు: ఏ మేకు ఎవరు కొట్టారు?

[కుర్చీలో కూర్చుని, నేరుగా కెమెరాతో]

నిన్న కూడా ఒకరు మెసేజ్ పెట్టారు. "అన్నా, డాక్టర్ బేకర్ వందలమంది పుర్రెలు కోసి చంపిన హోటల్ మీద వీడియో చెయ్యవా" అని. దెయ్యాల మాట ఎలా ఉన్నా, ఆ "డాక్టర్" అన్న మాట దగ్గర నాకు ఒళ్ళు మండుతుంది. నార్మన్ బేకర్ డాక్టర్ కాడు. వైద్యం చదవనే లేదు. దాని సంగతి తర్వాత చెప్తాను.

అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రం, యురేకా స్ప్రింగ్స్ అనే కొండ ఊరు. బెంటన్‌విల్‌లో వాల్‌మార్ట్ ఉద్యోగాలు చేసే మనవాళ్ళకి ఇది వీకెండ్ ట్రిప్పు. అక్కడి ఊటలు వేడినీళ్ళవి కావు, చల్లటివి. వేడినీళ్ళ హాట్ స్ప్రింగ్స్ అదే రాష్ట్రంలో ఉన్న వేరే ఊరు. రెండిటినీ కలిపేస్తున్న వీడియోలు ఎన్ని చూశానో! 1879లో ఈ నీళ్ళకి రోగాలు తగ్గుతాయని పేరు రాగానే జనం ఎగబడ్డారు, ఊరు పుట్టింది. 1883లో రైలొచ్చింది. రైల్లో దిగే డబ్బున్నవాళ్ళ కోసం 1886లో క్రెసెంట్ తెరిచారు. సున్నపురాయి గోడలు అడుగున్నర మందం.

ఇప్పుడు ఒక మాట అడుగుతాను. అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు క్యాలెండర్ తీసుకెళ్తాం కదా, మరి మేకు? గోడకే వదిలేస్తాం. తర్వాత వచ్చినవాడు ఆ మేకుకి తన క్యాలెండర్ తగిలిస్తాడు. ఈ హోటల్ దెయ్యాలన్నీ అలాంటివే. అద్దెకున్నవాళ్ళు పోయారు, మేకులు మిగిలాయి, వాటికి కథలు తగిలించారు.

మొదటి మేకు కట్టేవాళ్ళది. మైకేల్ అనే ఐరిష్ రాతిపనివాడు పైనుంచి జారి పడి చచ్చిపోయాడని కథ. పడ్డచోటు ఇప్పుడు 218వ నంబరు గది. భయపడి వదిలేస్తారనుకుంటున్నారా? జనం ఏరికోరి అడిగే గది అదే.

రెండో మేకు ఆడపిల్లలది. ఎండాకాలం పోతే ఊటల ఊరికి ఎవరొస్తారు? హోటల్ ఖాళీ. అందుకని 1908లో అందులోనే ఆడపిల్లల కాలేజీ పెట్టారు. చదువులున్నన్నాళ్ళు కాలేజీ, వేసవిలో హోటల్, ఒకే గోడకి రెండు బోర్డులు. బాల్కనీ నుంచి దూకిన అమ్మాయి కథ ఈ కాలానిదే. దూకిందని కొందరు, తోసేశారని కొందరు. గైడ్‌ని బట్టి క్యాలెండర్ మారుతుంది.

[టేబుల్ మీద పుచ్చకాయ గింజల గిన్నె]

ఇక మూడోది. మేకు కాదండీ ఇది, గునపం. బేకర్ మొదట్లో స్టేజీ మీద మనసులు చదివే ప్రదర్శనలు నడిపాడు. తర్వాత గాలితో మోగే కాలియోపీ వాయిద్యం తయారుచేసి డబ్బు చేసుకున్నాడు. అయోవాలోని మస్కటీన్‌లో సొంత రేడియో స్టేషన్ పెట్టి, క్యాన్సర్‌కి మందుందని ఊదరగొట్టాడు. ఏమిటా మందు? ఇదిగో, ఈ గింజలు. పుచ్చకాయ గింజలు, మొక్కజొన్న పీచు, క్లోవర్ ఆకులు, కార్బాలిక్ ఆసిడ్, గ్లిజరిన్ లాంటివి. మా అమ్మమ్మ ఈ గింజల్ని ఉప్పు వేసి వేయించేది, క్యాన్సర్ ఊసు మాత్రం ఎత్తలేదు.

1930లో మస్కటీన్‌లో వేలమంది ముందు, పుర్రెలో పుండు ఉన్న ఒక రోగిని వేదిక మీదకి తెచ్చి, తల మీద మందు చల్లించాడు. జనం చప్పట్లు కొట్టారు. హోటల్లో పుర్రెలు కోశాడన్న కథకి మేకు ఇక్కడ దొరుకుతుందని నా అనుమానం. మేకు అయోవాలో ఉంది, క్యాలెండర్ ఆర్కన్సాలో వేలాడుతోంది!

రేడియో లైసెన్సు పోయాక మెక్సికో సరిహద్దు దాటి అక్కడ స్టేషన్ పెట్టాడు. 1937లో క్రెసెంట్ కొని "బేకర్ హాస్పిటల్" బోర్డు కట్టాడు. ఊదారంగంటే పిచ్చి, చొక్కా ఊదా, కారు ఊదా. లాబీలో ఊదాచొక్కా మనిషి కనిపిస్తాడని ఇప్పటికీ చెప్తారు. 419లో థియొడోరా అనే పేషెంటు దెయ్యం, తాళంచెవి వెతుక్కుంటూ ఉంటుందట.

ఆయన చంపినట్టు కేసు లేదు. ఆయన్ని పట్టింది పోస్టల్ శాఖ! మందు గురించి పోస్టులో పంపిన ప్రకటనలు మోసమని 1940లో శిక్ష, నాలుగేళ్ళు లెవన్‌వర్త్ జైలు. కత్తి పట్టాల్సిన పనే లేదు మరి. నిజం డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సినవాళ్ళు ఇక్కడికొచ్చి గింజల నీళ్ళు ఎక్కించుకుంటుంటే చాలదా?

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. 1946లో మళ్ళీ హోటల్. 1967లో మంటలంటుకుని పైఅంతస్తు దెబ్బతింది. తర్వాత బాగుచేశారు, దెయ్యాల టూర్ పెట్టారు. టూర్ చివర బేస్‌మెంట్‌లో బేకర్ మార్చురీకి తీసుకెళ్తారు. శవాల బల్ల, పక్కన కోల్డ్ రూమ్.

2019లో హోటల్ ఆవరణలో తవ్వుతుంటే పాత చెత్తగుంత బయటపడింది. సీసాలే సీసాలు. పురావస్తువాళ్ళొచ్చి జాగ్రత్తగా తీశారు. బేకర్ కాలం నాటివి. కొన్నిట్లో ద్రవంలో తేలుతున్న శరీర కణజాలం ముక్కలు అలాగే ఉన్నాయి. ఈ ఒక్క మేకుకి ఎవరూ కథ తగిలించాల్సిన అవసరం రాలేదు.

218 కావాలంటే ముందే బుక్ చేసుకోండి. వీకెండ్‌లో దొరకదు.