తలుపు వేసి, విడమరిచి చెప్పండి

హౌస్ సర్జన్లకూ, వార్డు సిస్టర్లకూ నమస్కారం.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ పూర్తయిన ఆవిడ ఇంటికి వెళ్లేటప్పుడు మందుల చీటీ రాసిస్తాం, మళ్లీ ఎప్పుడు రావాలో చెబుతాం. యోని గోడలు అతుక్కుని దారి బిగుసుకుపోవచ్చనీ, దారి మూసుకుపోకుండా లోపల పెట్టుకునే నున్నటి గొట్టం లాంటి డైలేటర్ వాడాలనీ చెప్పడానికి మాత్రం నోరు రాదు. కాపురం సంగతి అటుంచండి, అలా బిగుసుకుపోతే తర్వాతి చెకప్‌లో లోపల చూడటమే కష్టమవుతుంది.

అందుకే అటెండర్లను బయటికి పంపి, తలుపు వేసి చెప్పండి: "అమ్మా, లోపల మానిందని డాక్టరుగారు చెప్పాకే మొదలుపెట్టాలి. అన్నిటికన్నా చిన్న డైలేటర్‌కు వాటర్ బేస్డ్ జెల్ రాసి, పడుకుని మోకాళ్లు మడిచి, మెల్లగా పెట్టుకోవాలి. ఐదు పది నిమిషాలు చాలు, వారానికి రెండు మూడుసార్లు. బలవంతం చేయొద్దు. చుక్కా రెండు చుక్కలు రక్తం కనబడితే కంగారు లేదు, ఎక్కువైతే వెంటనే రండి."

సుఖం కోసం వైబ్రేటర్లు వాడేవాళ్లూ మన ఓపీకి వస్తారు. అది జబ్బూ కాదు, తప్పూ కాదు. ఎలా కడుగుతున్నారో, ఎవరితో పంచుకుంటున్నారో అడగండి. ఇద్దరు వాడితే కండోమ్ తొడగాలి, మనిషి మారితే కండోమ్ మారాలి. మన ఇళ్లలో చేతికందేది కొబ్బరినూనె. దానికి లేటెక్స్ కండోమ్ చిరిగిపోతుంది. మలద్వారంలో వాడేదానికి అడుగు భాగం వెడల్పుగా ఉండి తీరాలి, లేకపోతే లోపలికి జారిపోతుంది. ఈ వస్తువుల భద్రతకు 2021లో ఐఎస్‌ఓ 3533 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది.

అంగం గట్టిపడటానికి వ్యాక్యూమ్ పంపు వాడే మగవాళ్లకు, అంగం మొదట్లో బిగించే రింగు అరగంటలోపు తీసెయ్యాలనీ, పెట్టుకుని నిద్రపోకూడదనీ చెప్పండి. రక్తం పలచబడే మందులు వాడుతున్నారేమో ముందే కనుక్కోండి.

మలద్వారంలో ఏదో ఇరుక్కుని క్యాజువాలిటీకి వచ్చిన మనిషి మొదట కడుపునొప్పి అనే చెబుతాడు. సిగ్గుతో ఇంట్లోనే లాగి చూసి, విరేచనాల మందు మింగి, ఇక తట్టుకోలేక వచ్చి ఉంటాడు. పేగుకు చిల్లు పడితే ప్రాణం మీదికొస్తుంది. "ఏం పెట్టుకున్నారు, ఎంతసేపైంది, జ్వరం ఉందా, రక్తం పోయిందా" అని మామూలు గొంతుతో అడగండి. ఆ ఎక్స్‌రేను ఫోన్‌లో ఫొటో తీసి గ్రూపులో పెట్టేవాడికి తెల్లకోటు వేసుకునే అర్హత లేదని నా గట్టి అభిప్రాయం.

బల్ల మీద నాలుగు సైజుల డైలేటర్లు, జెల్ ఉన్నాయి. ఇద్దరిద్దరుగా వచ్చి, ఒకరు పేషెంటుగా కూర్చోండి, ఇంకొకరు తెలుగులో చెప్పి చూపించండి.