ఆ రెండు టన్నులు ఎవరి సగటు?

అందరికీ నమస్కారం.

వాతావరణం మాట ఎత్తగానే మనవాళ్లు అమెరికా వైపు వేలెత్తి చూపిస్తారు. తప్పేం లేదు. 1850 నుంచి బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చి గాలిలోకి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు పావు వంతు అమెరికా ఒక్కదానిదే. మనది మూడు, నాలుగు శాతం మధ్య. ఇవాళ్టికీ సగటు అమెరికన్ ఏడాదికి సుమారు 14 టన్నులు వదిలితే, సగటు భారతీయుడు రెండు టన్నులు. బాధ్యత ఉమ్మడి, వాటాలు వేరు అని 1992లో రియో వాతావరణ ఒప్పందంలో రాసుకున్నది ఇందుకే. 2020 నాటికి పేద దేశాలకు ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని సంపన్న దేశాలు 2009లో కోపెన్‌హేగెన్ వాతావరణ సదస్సులో మాటిచ్చాయి. 2022లో గానీ ఆ అంకె చేరలేదు. అక్కడ మనం ఒక్క మెట్టు కూడా దిగక్కర్లేదు.

నా పేచీ ఆ రెండు టన్నులతోనే.

ఈ హాల్లో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. కూతురి పురుడుకో, మనవడి పుట్టినరోజుకో వెళ్లొస్తుంటాం. హైదరాబాద్ నుంచి డల్లాస్ వెళ్లి రావడానికి, ఎకానమీ సీటైనా, మనిషికి దాదాపు రెండు టన్నులు. 14.2 కిలోల వంట గ్యాస్ సిలిండర్ మొత్తం మండితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ 42 కిలోలు. పేద ఇళ్లకు కేంద్రం ఇచ్చే ఉజ్వల కనెక్షన్ ఉన్న కుటుంబం 2023-24లో సగటున వాడింది దాదాపు నాలుగు సిలిండర్లు. లెక్క కట్టండి: మన ఒక్క టికెట్టు, ఆ ఇంట్లో పన్నెండేళ్ల గ్యాస్ వంట. బిజినెస్ క్లాసు వాళ్లు తమ లెక్క తామే వేసుకోవచ్చు.

పిల్లల్ని చూడ్డానికి వెళ్లొద్దని అనను, నేనూ వెళ్తాను. కానీ ఆ నాలుగు సిలిండర్ల ఇళ్లు కోట్లలో ఉండబట్టే మన సగటు రెండు దగ్గర ఆగింది. సంపన్నులు పేదల చాటున దాక్కుంటున్నారని పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ ఇండియా 2007లోనే మొహమాటం లేకుండా చెప్పింది. పైవర్గం ఉద్గారాలు అట్టడుగు వర్గం కంటే నాలుగున్నర రెట్లని అప్పటి లెక్క. అప్పటికి ఇన్ని ఏసీలు లేవు.

ఎండ మాత్రం సగటున కాయదు. మన అపార్ట్‌మెంట్లలోనే చూడండి, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు వేడిగాలి కక్కే చోటే వాచ్‌మన్ కుర్చీ ఉంటుంది.

2010లో కేంద్రం బొగ్గు మీద టన్నుకు 50 రూపాయల సెస్సు వేసింది, 2016కి అది 400 అయింది. శుద్ధ ఇంధనం పేరుతో మొదలైన ఆ వసూలును 2017లో, జీఎస్టీ వల్ల రాష్ట్రాలకు తగ్గిన ఆదాయానికిచ్చే పరిహారానికి మళ్లించారు. పైగా 2025లో ఎత్తేసేదాకా ఆ బొగ్గు సెస్సు ఒక్క ఫ్యాను తిరిగే ఇంటి కరెంటు ఖర్చులోనూ కలిసేది. నన్నడిగితే ఏడాదిలో రెండో విదేశీ టికెట్టు మీద, ఇంట్లో మూడో ఏసీ మీద పన్ను వేయాలి. ఆ డబ్బు ఉజ్వల ఇంటికి ఐదో సిలిండరుకీ, వడగాడ్పు రోజుల్లో పని ఆగిన కూలీకి ఆ పూట కూలికీ పోవాలి.