లాగిన్ అయ్యింది, మరి కుకీ ఏది?

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి, ఏమీ అనుకోకండి. తెలుగు భాషా దినోత్సవం, అందులోనూ పర్లాకిమిడిలో, గిడుగు రామమూర్తి గారి గురించి మాట్లాడమని పిలిచారు. మాట్లాడతాను. ముందు నా కుకీల బాధ చెప్పుకోనివ్వండి. కుకీ అంటే, మనం లాగిన్ అయ్యామని గుర్తుండడానికి సర్వరు బ్రౌజరుకిచ్చే చిన్న చీటీ.

మా మావయ్య బియ్యం కొట్టుకి బిల్లుల సైటు చేశాను. పేజీ ఒక డొమైన్‌లో, సర్వరు ఇంకెక్కడో ఉచిత హోస్టింగ్‌లో. లాగిన్ నొక్కితే పేజీ కదలకుండా వెనకాల సర్వరుకి రిక్వెస్ట్, అదే ఫెచ్, వెళ్తుంది, 200, అంటే 'సరే' అన్న జవాబు, వస్తుంది, తీరా బిల్లులు తెరిస్తే మళ్లీ 'లాగిన్ అవ్వండి'. మూడు రాత్రులు ఇదే. తెల్లారితే మావయ్య, "ఏటిరా, ఈ రోజైనా బిల్లొస్తాదా?" నేనడిగిన ప్రతివాడూ బ్రౌజరు దాచుకున్న పాత పేజీలు, అదే క్యాష్, క్లియర్ చెయ్యమన్నాడు. తమ్ముళ్లూ, దండం పెడతాను, ఆ సలహా మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

ఆ 200 చూసి మోసపోయాను. జవాబొచ్చిందని తప్ప, కుకీ దాచుకున్నానని బ్రౌజరు అనలేదు. వేరే ఆరిజిన్‌కి, అంటే వేరే చిరునామాలో ఉన్న సర్వరుకి, ఫెచ్ వెళ్లేటప్పుడు క్రెడెన్షియల్స్ దగ్గర 'ఇన్‌క్లూడ్' అని రాయకపోతే వచ్చిన కుకీని చప్పుడు చెయ్యకుండా పారేస్తుంది. రాశాను. అప్పుడు ఎర్రక్షరాలు మొదలు! సర్వరు, ఏ సైటుని రానివ్వాలో చెప్పే 'అలౌ ఆరిజిన్' దగ్గర నక్షత్రం, అంటే ఎవరైనా రావచ్చని, పెట్టి కూర్చుంది. కుకీలతో వెళ్లే పనికి నక్షత్రం చెల్లదు, మన సైటు పేరే రాయాలి, అలౌ క్రెడెన్షియల్స్ 'ట్రూ' అనాలి. పెళ్లి సంబంధమే అనుకోండి, పాతపట్నం వాళ్లు సరేనంటే చాలదు, పర్లాకిమిడి వాళ్లూ అనాలి.

ఈ నాలుగు ముక్కలు నాకు తెలుగులో చెప్పినవాడు లేడు. గిడుగు వారు ఈ ఊళ్లోనే పాఠాలు చెబుతూ ఇక్కడి గిరిజనుల సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల మాటల్లోనే చదువు చెప్పించారు. జనం మాట్లాడే తెలుగులో రాయమని పండితులతో పోట్లాడారు. మనమేమో ఒక కుకీ సంగతి పక్కవాడికి చెప్పలేక క్యాష్ మీద తోసేస్తున్నాం.

సరే, కుకీకి వద్దాం. ఇంకా రాలేదు. బ్రౌజరు డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, లాగిన్ రిక్వెస్ట్ మీద నొక్కి, సర్వరు కుకీ పంపే సెట్-కుకీ వరస చూశాను, పక్కన పసుపు గుర్తు. దాని మీద మౌస్ పెడితే కారణం తనే చెప్పింది! కుకీ వేరే సైట్ల నుంచి వెళ్లొచ్చో లేదో చెప్పే సేమ్‌సైట్ రాయకపోతే 2020 నుంచి క్రోమ్ దాన్ని 'లాక్స్'గా లెక్కేస్తుంది, వేరే సైటు నుంచి వెనకాల వెళ్లే రిక్వెస్టులకి అది పనికిరాదు. 'నన్' (None) అని రాయాలి, దానికి తోడు 'సెక్యూర్', అంటే హెచ్‌టీటీపీఎస్ ఉండాలి. మొదటి రాత్రే ఆ పసుపు గుర్తు చూసుంటే!

కుకీ వచ్చింది. బిల్లులు మాత్రం రావు. ఇది నా తప్పే. లాగిన్ చిరునామా '/ఏపీఐ/లాగిన్', నేను కుకీకి పాత్, అంటే అది ఏ చిరునామాల కింద వెళ్లాలో, రాయలేదు, బ్రౌజరు దాన్ని '/ఏపీఐ' వరకే కట్టేసింది. బిల్లులు '/బిల్స్'లో ఉన్నాయి. పాత్ దగ్గర ఒక్క స్లాష్ పెట్టాను, అంతే.

ఆ సాయంత్రమే మా మరదలు ఐఫోన్‌లో తెరిచింది, మళ్లీ లాగిన్ పేజీ. ఐఫోన్ బ్రౌజరు సఫారీ థర్డ్ పార్టీ కుకీలని, అంటే తెరిచిన సైటువి కాని వేరే సైటు కుకీలని, 2020 నుంచే మామూలుగా ఆపేస్తోంది, అక్కడ 'నన్' రాసినా లాభం లేదు. సర్వరుని మా డొమైన్ కిందికే, సబ్‌డొమైన్‌గా తెచ్చాక మావయ్య మొదటి బిల్లు కొట్టాడు, పాతిక కేజీల బస్తాకి.

లాప్‌టాప్ తెచ్చాను. ఇదే తిప్పలు పడుతున్నవాళ్లు టీ దగ్గరికి రండి.